పేరు పెట్టడం



మాస్టారు పోయిన ఏడాది శిష్యులం పదిమంది కూడి, ఆయన స్మృతిలో ఏటా ఒక ఉపన్యాసం పెట్టుకుందామనుకున్నాం. అమ్మగారు సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఆహ్వానం మీద గానీ, అచ్చయ్యే పుస్తకంలో గానీ ఆయన పేరు వేయకూడదు. అది ఆయనే చెప్పి వెళ్లిన మాటట. అందుకే మొదటినుంచీ ఇది 'మాస్టారి ఉపన్యాసం'. పాతపోస్టాఫీసు వైపు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకి అంతకంటే గుర్తు అక్కర్లేదు కూడా. ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు నేను ఎంచుకున్న విషయం ఆయన బతుకులోంచే వచ్చింది. తెలివి తక్కువని మనం రోజూ ఒకరినొకరం తిట్టుకుంటాం. ఆ తిట్టులో తప్పుందా, ఉంటే ఎక్కడుంది అన్నది నా ప్రశ్న.

ఇవాళ గాజువాక నుంచి జగదాంబ సెంటరు దాకా సిటీ బస్సులో వచ్చాను. ఈ ప్రసంగం మనసులో తిరుగుతోంది కనక దారి పొడుగునా చెవులు అప్పగించి కూర్చున్నాను. నా ముందు సీట్లో ఒకావిడ ఫోనులో కొడుకుని కేకలేస్తోంది. "మట్టిబుర్ర వెధవా, పక్కింటి పిల్లకి తొంభై వస్తే నీకెందుకు రావు?" ఎన్‌ఏడీ దగ్గర ఎక్కిన కుర్రాళ్లలో ఒకడు ఇంకొకణ్ణి "మెంటల్ గా" అని పిలిచాడు, వాడు నవ్వుతూ పలికాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయిందని కంగారు పడుతున్న ఒక ముసలాయన్ని వెనకాల ఎవరో "బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నారు. ఆయన తిరిగి చూశాడు, ఏమీ అనలేదు. కంచరపాలెం దాటాక ఒక తల్లి ఒళ్లో నిద్రపోతున్న పిల్ల నుదుటిమీద చెమట తుడుస్తూ "పిచ్చి మొద్దు, ఎలా పడుకుందో చూడు" అంది. గంటసేపట్లో నాలుగు మాటలు. నాలుగూ తెలివి గురించినవే. నాలుగూ ఒకటి కావు.

ముందు ఆ చివరి మాట సంగతి తేల్చేస్తాను. మా అమ్మ నన్ను 'ఎర్రి నాయనా' అనే పిలిచేది. ఎండలో ఆడి వచ్చినా, జ్వరం వచ్చినా, ఉద్యోగం వచ్చినా అదే పిలుపు. తెలుగువాళ్లకి వెర్రి, పిచ్చి, మొద్దు అన్న మాటలు ప్రేమకి కూడా పనికొస్తాయి. వాటిని ఇళ్లలోంచి తుడిచేయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మాట అన్న తర్వాత బిడ్డ తల్లికి ఇంకాస్త దగ్గరగా జరుగుతుంది. దాన్ని తిట్టు అనడానికి లేదు.

మిగతా వాటి దగ్గరికి వద్దాం. మనం పిల్లల మీద పొద్దస్తమానం వాడే 'వెధవ' అన్న మాట విధవ లోంచి వచ్చింది. భర్త పోయిన ఆడమనిషిని ఒక మూల కూర్చోబెట్టి, శుభకార్యానికి ఎదురు రావద్దని, ఆమె మాట ఎవరూ అడగాల్సిన పనిలేదని నిర్ణయించిన లోకం ఆ మాటని ఎందుకూ పనికిరాని మనిషి అనే అర్థానికి తిప్పుకుంది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం చేయించారు. పెళ్లి చేయించడానికి ఆయన పడ్డ పాట్లు మనకు తెలుసు. పెళ్లయితే అయింది గానీ, మాట మాత్రం ఇప్పటికీ మన నోళ్లలో అలాగే ఉంది. 'మొద్దు' సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. నరికి పడేసిన చెట్టు దుంగ. దానికి చెప్పినా వినపడదు, కొట్టినా కదలదు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని మనదిగా చేసుకున్న 'ఇడియట్' కూడా గ్రీకులో మొదట ఊరి వ్యవహారాల్లో తలదూర్చక తన పని తాను చూసుకునే మామూలు మనిషికి పేరు. నలుగురి మధ్యకొచ్చి మాట్లాడనివాడు కాలక్రమాన మాట్లాడటం చేతకానివాడైపోయాడు. 2002లో ఆ పేరుతోనే తెలుగు సినిమా వచ్చి ఊరూరా ఆడింది.

మూడు మాటలు మూడు చోట్ల పుట్టాయి. మూడింట్లోనూ ఉన్నది ఒకటే: నలుగురిలో మాట చెల్లని మనిషి. తెలివి మీద తిట్టుకి ఉన్న ప్రత్యేకత అదేనని నా నమ్మకం. నన్ను దొంగ అన్నారనుకోండి, నేను కాదని అరవగలను, సాక్షిని తేగలను. తాగుబోతు అంటే ఊదమంటే ఊదగలను. మొద్దు అంటే ఏం చెయ్యను? కాదని వాదించాల్సింది నా బుద్ధితోనే. ఆ బుద్ధే లేదని అవతలివాడు ముందే తేల్చేశాడు. నేను గట్టిగా మాట్లాడితే "చూశారా, అర్థంకాక ఎలా అరుస్తున్నాడో" అంటారు. ఊరుకుంటే "చూశారా, జవాబు లేదు" అంటారు. మిగతా తిట్లు మనిషిని గాయపరుస్తాయి. ఇది గాయపరిచి, నొప్పి అని చెప్పే నోరు కూడా మూస్తుంది.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. మా నాన్న దగ్గర చూశాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ హార్బర్లో పనికి కుదిరినవాడు. 1933లో తెరిచిన ఈ రేవు అప్పటికి బాగా పెరిగింది. ఓడ కడుపులో బస్తాలు స్లింగుకి కట్టేవాళ్లు కట్టేస్తే, పైన విన్చి దగ్గర కూర్చున్న మనిషికి లోపల ఏం జరుగుతోందో కనపడదు. ఇద్దరికీ మధ్య, అంచు మీద నిలబడి చేతులతో సైగ చేసేవాడు సిగ్నల్‌మాన్. ఎత్తు, ఆపు, మెల్లగా, దించు. వాడి చెయ్యి తప్పితే కింద మనిషి ప్రాణం పోతుంది. నాన్న ఆ పని చేసేవాడు. చదువు లేదు, సంతకం రాదు. జీతం రోజున వేలు సిరాలో ముంచేవాడు.

ఆయన రొండిన ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉండేది. అందులో చింతపిక్కలు. పది స్లింగులు లేచాక ఒక పిక్క తీసి కుడివైపు నుంచి ఎడమవైపు మార్చుకునేవాడు. పదిలోపువి వేళ్ల మీద. ఏళ్ల తరబడి చేతిలో నలిగి ఆ పిక్కలు నున్నగా, నల్లగా, దీపం వెలుగులో మెరిసేవి. ఒకరోజు పని దిగేవేళ ఆయన లెక్కకి పద్నాలుగు పిక్కలూ మూడు వేళ్లూ వచ్చాయి. నూట నలభై మూడు. టాలీ రాసే గుమాస్తా పుస్తకంలో నూట ఇరవై మూడు ఉంది. ఎత్తిన సరుకుని బట్టి గ్యాంగు మొత్తానికి పైడబ్బు వస్తుంది కాబట్టి ఇరవై స్లింగులంటే చిన్న సంగతి కాదు. నాన్న వెళ్లి చెప్పాడు. గుమాస్తా పుస్తకం ఎత్తకుండానే, "వేలిముద్రగాడివి, నాకు లెక్కలు చెప్తావా?" అన్నాడు. నాన్న అగ్గిపెట్టె తెరిచి పిక్కలు చూపించాడు. "సంతకం రాకపోతే లెక్క రాదేటి బాబూ?" అని అడిగాడు. గుమాస్తా నవ్వాడు. నష్టపోయేది తామే అయినా గ్యాంగులో వాళ్లు కూడా నవ్వారు. ఇది మా అమ్మ చెప్పింది, నాన్న ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చేసినది మాత్రం నేను చూశాను. ఆ రాత్రి అగ్గిపెట్టె తీసి, వామనగుంటలు ఆడుకోమని పిక్కలు మా అప్పకి ఇచ్చేశాడు. మళ్లీ పెట్టుకోలేదు.

అలెగ్జాండర్ లూరియా అనే సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త 1931, 32 సంవత్సరాల్లో ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్లి, చదువురాని రైతులతో మాట్లాడి, వాళ్లు ఎలా ఆలోచిస్తారో రాసుకున్నాడు. ఆ పుస్తకం నలభై ఏళ్లకు గానీ అచ్చుకాలేదు. ఆయన అడిగిన ప్రశ్నల్లో ఒకటి అన్ని దేశాల బుద్ధి పరీక్షల్లోనూ ఉండేదే. నాలుగు బొమ్మలు చూపించి, వీటిలో ఇమడనిది ఏదో చెప్పమనడం. సుత్తి, రంపం, గొడ్డలి, చెట్టు మొద్దు. బడికెళ్లినవాళ్లు టక్కున మొద్దుని తీసేస్తారు, మిగతా మూడూ పనిముట్లు గనక. ఆ రైతులు తీయడానికి ఒప్పుకోలేదు. మొద్దు లేకపోతే రంపంతో ఏం కొయ్యాలి, గొడ్డలితో ఏం నరకాలి, నాలుగూ కలిసే ఉండాలి అన్నారు. పనిముట్లన్నీ ఒక జాతి కదా అని మరొకరి మాటగా చెప్పినా వినలేదు. పరీక్ష లెక్కలో అది తప్పు జవాబు. మన భాషలో తెలివితక్కువ మనిషికి పేరైన ఆ మొద్దునే బయట పెట్టమని పరీక్ష అడిగితే, ఆ పల్లెటూరివాళ్లు పెట్టలేదు. ఇది చదివిన రోజు నాకు మా నాన్న గుర్తొచ్చి చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

ఇక్కడితో ఆపేస్తే ఈ ఉపన్యాసం సుఖంగా ముగిసేది. చదువురాని మా నాన్న నిజానికి తెలివైనవాడు, కాబట్టి ఆ గుమాస్తా తిట్టింది తప్పు. మీరు ఒప్పుకుంటారు, చప్పట్లు కొడతారు. నేను కూడా చాలా ఏళ్లు ఇలాగే అనుకున్నాను. దాన్ని విరిచేసింది మాస్టారు. ఆయన రిటైరయ్యాక బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లల బడిలో జీతం లేకుండా పాఠాలు చెప్పేవారు. ఒక సాయంత్రం బీచి రోడ్డులో నడుస్తూ నాన్న కథ చెప్పాను. అంతా విని, "మీ నాన్న లెక్క తప్పయి ఉంటే, ఆ మాట అనొచ్చా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "మా బడిలో పద్నాలుగేళ్ల పిల్ల ఉంది. పది లెక్కపెట్టలేదు. ఎప్పటికీ పెట్టలేదేమో. మీ నాన్నని ఆ మాట కింద నుంచి లాగేశావు, బాగుంది. మరి ఆ పిల్లని అక్కడే వదిలేశావు కదయ్యా."

అక్కడి నుంచి నేను మళ్లీ మొదటికొచ్చి ఆలోచించాల్సి వచ్చింది. 'ఫలానావాడు మొద్దు కాడు' అని వాదించే ప్రతివాడూ, ఎక్కడో నిజంగా మొద్దులున్నారని, వాళ్లనైతే అలా అనొచ్చని ఒప్పుకుంటున్నాడు. మనం ఒకరినొకరం ఎగతాళి చేసుకోవడానికి వాళ్లని కొలబద్దగా వాడుకుంటున్నాం. వాళ్లు వింటున్నారన్న స్పృహ కూడా లేకుండా.

కొలబద్ద అన్నాను కనక దాని పుట్టుక కూడా చెప్పాలి. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, సైమన్ అనే ఇద్దరు తొలి బుద్ధి పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడ్డ పిల్లల్లో ఎవరికి ప్రత్యేక సాయం కావాలో తెలుసుకోవడానికి. దాన్ని అమెరికా తీసుకెళ్లినవాడు హెన్రీ గొడార్డ్. న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ అనే ఊళ్లో ఇలాంటి పిల్లల శిక్షణాలయంలో పనిచేసేవాడు. రెండేళ్ల బుద్ధి దాటనివాళ్లు ఇడియట్లు, ఏడేళ్లు దాటనివాళ్లు ఇంబెసైళ్లు. ఆ పైవాళ్లకి, పన్నెండేళ్ల దాకా, పేరు లేకపోతే 1910లో గ్రీకు మాట వెతికి 'మోరాన్' అని ఆయనే పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా తిట్టుగా వాడే ఆ మూడు మాటలూ అప్పట్లో వైద్యుల కాగితాల మీద మర్యాదగా రాసినవే. సాయం కోసం పుట్టిన కొలత, వేరు చేయడానికి కత్తయింది.

కత్తి అన్నది అలంకారంగా అన్న మాట కాదు. వర్జీనియా రాష్ట్రం అలాంటివాళ్లకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే చట్టం తెచ్చింది. క్యారీ బక్ అనే పేద యువతిని, ఆమె తల్లిని, ఏడాది కూడా నిండని ఆమె కూతుర్ని మూడు తరాల మందబుద్ధులుగా లెక్కకట్టారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టం సబబేనంది. ఆ దేశంలో అలా ఆపరేషన్లు జరిగినవాళ్లు 60,000 మందికి పైనే. చాలా ఏళ్ల తర్వాత స్టీఫెన్ జే గౌల్డ్ 1984లో ఒక వ్యాసం రాశాడు. క్యారీ కూతురు ఎనిమిదేళ్లకే చనిపోయింది గానీ, బడిలో మంచి విద్యార్థుల పట్టీలో ఆ పిల్ల పేరుంది, క్యారీకీ ఏ లోపమూ లేదు అని చూపించాడు. ఎంతో గొప్ప వ్యాసం. కానీ మాస్టారి ప్రశ్న దానికీ తగులుతుంది. క్యారీకి నిజంగానే బుద్ధి ఎదుగుదల తక్కువై ఉంటే, ఆ కత్తి పెట్టొచ్చా?

దానికి జవాబు మన దేశంలో దొరికింది. 2009లో చండీగఢ్‌లో, ప్రభుత్వ సంరక్షణాలయంలో ఉన్న ఒక యువతి అత్యాచారానికి గురై గర్భవతి అయింది. ఆమెకు స్వల్పంగా బుద్ధిమాంద్యం ఉందన్నది ఎవరూ కాదనలేదు. గర్భం తీసేయమని హైకోర్టు ఆదేశించింది. ఆమెని అడిగితే బిడ్డ కావాలంది. సుప్రీంకోర్టు ఆమె మాటే నిలబెట్టింది. మానసిక రోగం వేరు, బుద్ధి ఎదుగుదల తక్కువ కావడం వేరు, రెండోవాళ్ల బదులు ఇంకొకరు ఒప్పుకోవడానికి చట్టం వీలివ్వలేదు, ఆమె సమ్మతి లేకుండా చేయడానికి లేదు అంది. ఆమె తెలివైనదని ఎవరూ నిరూపించలేదు, నిరూపించమని కోర్టు అడగలేదు కూడా. నాకు తెలిసినంతలో తెలివి మీద తిట్టుకి ఇంతకంటే గట్టి జవాబు ఎక్కడా లేదు.

రోగమూ, బుద్ధి తక్కువా వేరు అన్న ఆ చిన్న తేడాని మన ఊరు ఎంతకాలంగా కలిపేసిందో మీకు తెలుసు. వాల్తేరులో మానసిక ఆసుపత్రి తెల్లవాళ్ల కాలం నుంచి ఉంది. శ్రీకాకుళం నుంచి ఇటు వరకూ "నిన్ను వాల్తేరు పంపించాలి" అన్న మాట అననివాళ్లు తక్కువ. రోగంతో బాధపడేవాణ్ణీ, లెక్క రానివాణ్ణీ, మనకి నచ్చని అభిప్రాయం ఉన్నవాణ్ణీ అందరినీ ఒకే బస్సెక్కిస్తాం. 1912 నాటి లూనసీ చట్టం కూడా అదే పనిచేసింది. ఉన్మాది అన్న మాటకి అర్థం చెబుతూ అందులో ఇడియట్‌ని కూడా చేర్చింది. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం గానీ ఆ రెండింటినీ విడదీయలేదు. అయితే సాక్ష్యం విషయంలో 1872 నాటి చట్టమే ఎంతో నయంగా ఉండేది. మతి స్థిమితం లేదన్నంత మాత్రాన సాక్షి పనికిరాడని అనడానికి లేదు, అడిగింది అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే చెప్పనివ్వాలి అన్నది దాని సూత్రం. అంటే ముందు అడగాలి. ఆ గుమాస్తా చేయని పని అదే.

మాట మారిస్తే సరిపోతుందా? మా చిన్నప్పుడు వికలాంగులు అనేవాళ్లం. 2015 చివర్లో ప్రధాని దివ్యాంగులు అనమన్నారు. మన రాష్ట్రంలో శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులు అని ఉంది. బుద్ధి ఎదుగుదల తక్కువైనవాళ్ల కోసం సికింద్రాబాద్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరు కూడా మారింది. పేరు మారడం మంచిదే, కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తుంది. కానీ కొత్త మాటని కూడా బడి ఆవరణలోని పిల్లలు ఆరు నెలల్లో తిట్టు చేసేయగలరు. మెంటల్లీ రిటార్డెడ్ అనకుండా ఇంగ్లీషు పొడి అక్షరాల్లో మర్యాదగా రాసుకున్న 'ఎమ్మార్' అన్న మాట 'ఎమ్మార్ గాడు' కావడం నేనే విన్నాను. మన ఊళ్లో ఇలాంటి పిల్లల కోసం ఉన్న ఒక సంస్థకి లెబెన్‌షిల్ఫే అని జర్మన్ పేరు. బతుక్కి చేయూత అని అర్థం. ఉక్కునగరంలో ఉన్న బడి పేరు అరుణోదయ. ఆ రెండు పేర్లూ నాకిష్టం. పిల్లల్లో ఏం లేదో చెప్పవు.

చట్టం ఎంతవరకూ రావాలి అన్నదాని మీద నా అభిప్రాయం చెప్పాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షను ఉంది. నలుగురి ఎదుట, అవమానించాలనే ఉద్దేశంతో వైకల్యం ఉన్న మనిషిని దూషిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. అది ఉండాల్సిందే. బళ్లలో పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను చెబుతోంది. దాన్ని ప్రతి స్టాఫ్‌రూమ్ గోడ మీదా రాయాలంటాను. ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు విడదీసి, చివరి సెక్షను పిల్లల్ని ఆ అక్షరంతోనే పిలిచే అలవాటు చట్టంలోని ఆ 17వ సెక్షను కిందికి వస్తుందని కూడా నా నమ్మకం. కానీ బస్సులో ఆ తల్లి ఫోనులో అన్న మాటకి పోలీసులు అక్కర్లేదు. ఆవిడకి ఎవరైనా నెమ్మదిగా చెప్పాలి. నేను చెప్పలేదు. పక్కింటి పిల్ల తొంభై ఆవిణ్ణి ఎంత భయపెడుతోందో ఆ గొంతులో వినపడింది, చెప్పబుద్ధి కాలేదు. అది నా తప్పే.

ఇంకో తల్లి గురించి చెప్పాలి. వైకల్యం ఎంతో తేల్చి కాగితమిచ్చే సదరం క్యాంపుకి మాస్టారితో కలిసి ఒకసారి వెళ్లాను. ఏ ఆసుపత్రో అనవసరం. పొద్దున ఏడింటి నుంచి వరస. ఒకావిడ పదిహేనేళ్ల కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. వీధిలో ఎవరైనా వాణ్ణి ఆ మాట అంటే కొట్లాటకి వెళ్లే మనిషి, ఇక్కడ అదే మాట తన నోటితో, నలభై మంది వింటుండగా, వాడు వింటుండగా చెప్పాలి. కాగితం మీద శాతం పడితేనే పింఛను. ఆవిడ కొడుకు రెండు చెవులూ తన చేతులతో మూసి, అప్పుడు చెప్పింది. వాడు ఆటనుకుని నవ్వాడు.

తర్వాత అడిగిన ప్రశ్నలు వేరేగా ఉన్నాయి. గ్లాసు పట్టుకుని తాగుతాడా, చొక్కా వేసుకుంటాడా, వీధి చివరి కొట్టుకి ఒక్కడూ వెళ్లి వస్తాడా. ప్రతిదానికీ ఆవిడ ముఖం విప్పారింది. "వేసుకుంటాడమ్మా. గుండీలు పెట్టలేడు. కొట్టుకి వెళ్తాడు, చిల్లర మర్చిపోతాడు, మా కొట్టాయన దాచి ఇస్తాడు." ఆ ప్రశ్నల జాబితా పేరు వైన్‌ల్యాండ్ స్కేలు. గొడార్డ్ పనిచేసిన ఆ శిక్షణాలయంలోనే, ఆయన తర్వాత వచ్చిన ఎడ్గార్ డాల్ 1935లో తయారుచేశాడు. మన దేశానికి తగ్గట్టు మార్చుకుని వాడుకుంటున్నాం. 'మోరాన్' అన్న మాట పుట్టిన చోటనే, ఈ పిల్లవాడు ఏం చేయగలడు అన్న ప్రశ్న కూడా పుట్టింది. మాస్టారు ఆ సంగతి తెలుసుకుని ఎంత సంతోషించారో చెప్పలేను.

ఆయన ఆ బడికి ఎందుకు వెళ్లారో నాకు చివరి రోజుల్లో గానీ చెప్పలేదు. మీలో నా తోటివాళ్లకి గుర్తుండొచ్చు. ఐదో తరగతిలో జాలరి కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రాడు మా వెనక బెంచీలో ఉండేవాడు. భాగహారం వచ్చేది కాదు. ఒకరోజు బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడిపోతే, మాస్టారు "శుద్ధ మొద్దావతారం" అన్నారు. అంతే. బెత్తం ఎత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. మేమందరం నవ్వాం. ఆ సాయంత్రం నుంచి వాడి పేరు మొద్దు. మేమే పెట్టాం, వీధిలోకి మేమే మోసుకెళ్లాం. వారం తిరక్కుండా వాడు బడి మానేశాడు. మాస్టారు ఇంటికి వెళితే వాళ్లమ్మ, "బోటు మీదికెళ్లిపోనాడు బాబూ" అంది.

"నేను తిట్టాననుకున్నాను, తెలుగులో పేరు పెట్టడమంటే రెండర్థాలున్నాయి కదయ్యా. బారసాల నాడు వాళ్లమ్మ పెట్టిన పేరు తీసేసి నేను ఇంకోటి పెట్టాను," అన్నారు. రిటైరయ్యాక ఒకసారి ఫిషింగ్ హార్బరుకి వెళ్లారట, వాణ్ణి చూసి క్షమాపణ చెప్పుకుందామని. అసలు పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియలేదు. ఆ పేరు గలవాళ్లు పదిమంది ఉన్నారు, ఏమని పిలుస్తారో చెప్పండి అని మరబోటు మీది కుర్రాడొకడు అడిగాడట. ఏమని పిలుస్తారో ఆయనకి తెలుసు. ఆ మాట నోట రాలేదు. జెట్టీ మీద కాసేపు నిలబడి బస్సెక్కి వచ్చేశారు.

పోయిన నెల నేను వెళ్లాను. నేనూ ఆ మాట అనకూడదనుకున్నాను. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పట్టింది. చివరికి ఎండుచేపలు ఆరబెడుతున్న ఒక ముసలమ్మ, వాళ్లమ్మ రొయ్యపొట్టు గంప నెత్తిన పెట్టుకుని పాతపోస్టాఫీసు వైపు వచ్చేదని నేను చెబితే ఆనవాలు పట్టింది. ఒక పాత బోటు నీడలో కాళ్లు చాపుకుని, బొటనవేలికి వల తగిలించి, చిరుగులు కుడుతున్నాడు. ఆయన గొప్పవాడయ్యాడని నేను చెప్పబోవడం లేదు. సముద్రం మీదికి వెళ్లే ఓపిక అయిపోయి వలలు బాగుచేస్తున్నాడు. నన్ను పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. మాస్టారు పోయారని చెప్పాను. తల ఊపాడు. ఆయన ఒకసారి ఇక్కడికి వెతుక్కుంటూ వచ్చారని, కలవలేక తిరిగి వెళ్లారని చెప్పాను.

కుట్టడం ఆపాడు.

"నన్ను ఏటని అడిగారు? పేరెట్టే అడిగారేటి?"

"పేరు పెట్టే అడిగారు," అన్నాను.

ఏ పేరు అని అడిగాడు. చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు.